కౌంటీ కమిటీ సీటు ఖాళీగా ఉందట, ఇందులో అసలు ఏం చేస్తారు?

కృష్ణాతీరం_07
సెంట్రల్ జెర్సీలో పదకొండేళ్ళుగా ఉంటున్నాం. పోయిన ఏడాదే సిటిజన్‌షిప్ వచ్చింది. మా వీధి చివరింట్లో ఉండే పెద్దావిడ ఒకరోజు తలుపు కొట్టి "మన డిస్ట్రిక్ట్‌లో కౌంటీ కమిటీ సీటు ఖాళీగా ఉంది, నువ్వు నిలబడకూడదా" అంది. సరేనని మా ఊరి పార్టీ మీటింగ్‌కి వెళ్ళాను. గంటన్నర కూర్చున్నా. ఒకాయన మోషన్ అన్నాడు, ఇంకొకాయన సెకండ్ అన్నాడు, అందరూ చేతులెత్తారు, అయిపోయింది. బయటికొచ్చేటప్పుడు సీటు సంగతి అడిగితే చైర్మన్ గారు నా నంబర్ రాసుకుని "మేమే కాల్ చేస్తాం" అన్నారు. మూడు నెలలైంది. రెండు మెయిల్స్ కూడా పెట్టాను, జవాబు లేదు. ఏ ఊరో ఏ పార్టీయో చెప్పను, దాని గురించి కాదు నా బాధ. పిలిచిందీ వాళ్ళే, పట్టించుకోనిదీ వాళ్ళే, అది మనసుకి కష్టంగా ఉంది. అసలు ఈ కమిటీ ఏంటి, సభ్యుల్ని ఎవరు పెడతారు, వాళ్ళు పిలిస్తేనే వెళ్ళాలా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

మామిడితాండ్ర
వదిలెయ్ బ్రదర్. పిల్లల సాకర్, ఇంటి లోను, ఆన్‌కాల్ డ్యూటీ చాలవా? అక్కడ అన్నీ ముందే తేలిపోయి ఉంటాయి. మనం వెళ్ళేది చెయ్యెత్తడానికే.

పాత_కాపు
మామిడితాండ్ర గారి మాటలో కొంత నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తా. ముందు కృష్ణాతీరం ప్రశ్న.

వాళ్ళు పిలవక్కర్లేదు. ఇది ఒకరిచ్చే పదవి కాదు, ఓట్లతో తెచ్చుకునే సీటు. న్యూజెర్సీలో ప్రతి ఊరినీ ఎలక్షన్ డిస్ట్రిక్ట్‌లుగా విడగొడతారు, అంటే కొన్ని వీధులు కలిస్తే ఒక డిస్ట్రిక్ట్. మన దగ్గర పోలింగ్ బూత్ పరిధి ఎలాగో అలాగ. ఒక్కో డిస్ట్రిక్ట్ నుంచి ఒక్కో పార్టీకి మామూలుగా ఇద్దరు కౌంటీ కమిటీ సభ్యులు, చాలాకాలం ఒక మగ ఒక ఆడ అనే లెక్కన నడిచింది. వీళ్ళని జూన్ ప్రైమరీలో, అంటే పార్టీ తన అభ్యర్థుల్ని తేల్చుకునే ఎన్నికలో, ఎన్నుకుంటారు. గవర్నర్, సెనేటర్ పేర్లున్న అదే బ్యాలెట్‌లో అట్టడుగున ఉంటాయి ఈ పేర్లు. చాలామంది అక్కడిదాకా చూడరు. కొన్ని కౌంటీల్లో (మన జిల్లాల్లాంటివి) పదవీకాలం 2 ఏళ్ళు, కొన్నింట్లో 4.

ఊళ్ళో గెలిచినవాళ్ళంతా కలిస్తే ఆ ఊరి పార్టీ కమిటీ. కౌంటీలోని అన్ని ఊళ్ళ సభ్యులూ కలిస్తే కౌంటీ కమిటీ. ప్రైమరీ అయిన వారం తిరిగేలోపే కూర్చుంటారు, ముందు ఊరి కమిటీ తన చైర్‌ని ఎన్నుకుంటుంది, ఆ వెంటనే కౌంటీ కమిటీ కౌంటీ చైర్‌ని ఎన్నుకుంటుంది. దీన్నే రీఆర్గనైజేషన్ మీటింగ్ అంటారు. వైస్ చైర్, కార్యదర్శి, కోశాధికారి కూడా అక్కడే. ఇలాంటి కౌంటీలు రాష్ట్రంలో 21, రెండు పార్టీలకీ విడివిడిగా కమిటీలు.

కాబట్టి నువ్వు ఆ చైర్మన్ ఫోను కోసం చూడకు. మునిసిపల్ క్లర్క్ ఆఫీసుకెళ్ళి నామినేషన్ పిటిషన్ అడుగు. నీ డిస్ట్రిక్ట్‌లో ఉండే మీ పార్టీ ఓటర్ల సంతకాలు కొద్దిగా కావాలి, మార్చి ఆఖరి వారంలోపు ఇచ్చెయ్యాలి. అంతే. మధ్యలో ఖాళీ అయిన సీటయితే మాత్రం మిగిలిన సభ్యులు నింపుకుంటారు, అందుకే ఆయన చేతిలో ఉన్నట్టు కనిపించింది నీకు. ప్రైమరీ వస్తే అది ఆయన చేతిలో ఉండదు.

ఓరుగల్లు_పోరడు
అంటే పార్టీ పదవికి సర్కారు ఎన్నిక పెడుతుందా అన్నా? మా దగ్గర మండల అధ్యక్షుడంటే ఎమ్మెల్యే మనిషి, జిల్లా అధ్యక్షుడంటే పైనుంచి పేపర్ మీద పేరొస్తది. మా బాపు ఇరవై ఏళ్ళు జెండా మోసిండు, ఒక్కసారి కూడా ఆయన్ని ఓటడిగినోళ్ళు లేరు. ఇది విని ఆశ్చర్యమైంది.

పాత_కాపు
అవును తమ్ముడూ. కౌంటీ క్లర్క్ బ్యాలెట్ అచ్చు వేయిస్తాడు, అదే పోలింగ్ కేంద్రం, అదే మెషిన్. నేను మొదటిసారి నా పేరు శాంపిల్ బ్యాలెట్ మీద చూసుకున్న రోజు మా అమ్మకి ఫొటో పంపాను. ఆవిడ నేను ఎమ్మెల్యేగా నిలబడ్డాననుకుని తెనాలంతా చెప్పేసింది.

సీమ_చిన్నోడు
హెచ్1బీ వాళ్ళకి ఇందులో ఏమన్నా చోటుందా? మీటింగ్‌కి పోతే తప్పా?

గోంగూర_అత్త
సీమ_చిన్నోడికి: పోతే తప్పేం లేదు. జీతం తీసుకోకుండా వాలంటీర్‌గా పనిచెయ్యొచ్చు, ఫోన్లు చెయ్యొచ్చు, కరపత్రాలు పంచొచ్చు. డబ్బు మాత్రం ఒక్క డాలరు కూడా ఇవ్వకూడదు, సొమ్ము ఎలా ఖర్చుపెట్టాలనే నిర్ణయాల్లోనూ వేలు పెట్టకూడదు, సెనేట్ ఎన్నికైనా ఊరి కౌన్సిల్ ఎన్నికైనా అదే చట్టం. గ్రీన్‌కార్డ్ ఉంటే చందా ఇవ్వొచ్చు, ఓటు లేదు. కమిటీ సీటుకి ఓటరై ఉండాలి, అంటే సిటిజన్ అవ్వాలి.

ఇంకొకటి, ఇది గట్టిగా చెబుతున్నా. డ్రైవింగ్ లైసెన్స్ ఆఫీసులో ఓటరు నమోదు ప్రశ్న వస్తుంది. జెర్సీలో 2018 నుంచి అది దానంతటదే జరిగే పద్ధతి, వద్దంటేనే ఆగుతుంది. సిటిజన్ కానివాళ్ళు చదవకుండా సంతకం పెట్టకండి. పొరపాటున నమోదైనా తర్వాత గ్రీన్‌కార్డ్‌కీ సిటిజన్‌షిప్‌కీ అడ్డం పడుతుంది. మా పక్క అపార్ట్‌మెంట్ అబ్బాయి ఆ టెన్షన్‌తో రెండేళ్ళు నలిగిపోయాడు.

సీమ_చిన్నోడు
చాలా థాంక్స్ అత్తా, ఈ ముక్క ఎవరూ చెప్పలేదు.

మామిడితాండ్ర
సరే, ఎన్నిక పెడతారు. గెలిచాక ఏం చేస్తారు? చెప్పండి ఎవరన్నా. ఏడాదికో డిన్నర్, రెండు ఫొటోలు.

పాత_కాపు
డిన్నర్ ఉంది, కాదనను. టికెట్లు అమ్మమని కూడా అంటారు. కానీ రెండు పనులున్నాయి, వాటికోసమే నేను పద్దెనిమిదేళ్ళుగా అంటిపెట్టుకుని ఉన్నా.

మొదటిది ఖాళీలు. రాష్ట్ర అసెంబ్లీ సభ్యుడో రాష్ట్ర సెనేటరో మధ్యలో రాజీనామా చేస్తే, పోతే, వెంటనే ఉపఎన్నిక రాదిక్కడ. ఆ నియోజకవర్గంలో ఆ పార్టీ కమిటీ సభ్యులు 35 రోజుల్లో సమావేశమై ఓటేసి మనిషిని పంపిస్తారు, ఆ తర్వాత నవంబర్‌లో జనం ముందుకి వస్తాడు. నెల్లూరులో పుట్టిన ఉపేంద్ర చివుకుల గారు తెలుసుగా. ఫ్రాంక్లిన్ టౌన్‌షిప్ కౌన్సిల్ నుంచి మొదలుపెట్టి 2001లో అసెంబ్లీకి గెలిచారు. 2014లో ఆయన బోర్డ్ ఆఫ్ పబ్లిక్ యుటిలిటీస్‌కి (కరెంటు, గ్యాస్ కంపెనీల్ని చూసే రాష్ట్ర సంస్థ) వెళ్ళిపోతే ఆ సీటు నింపింది కమిటీ సభ్యులే. లక్షల మంది ఉండే నియోజకవర్గం, ఓటేసేది హాలు నిండా మనుషులు. ఊరి కౌన్సిల్ సీటు ఖాళీ అయినా అంతే, పార్టీ గుర్తుల మీద ఎన్నికలు జరిగే ఊళ్ళలో ఆ పార్టీ ఊరి కమిటీ 15 రోజుల్లో మూడు పేర్లు పంపుతుంది, కౌన్సిల్ అందులోంచి ఒకరిని తీసుకోవాలి.

రెండోది పోలింగ్ కేంద్రాల్లో కూర్చునే బోర్డు వర్కర్లు. రెండు పార్టీలవాళ్ళూ సమానంగా ఉండాలి, పేర్లు సిఫారసు చేసేది కౌంటీ చైర్లు. మా ఊళ్ళో తెలుగు, గుజరాతీ వచ్చిన వర్కర్లు కావాలని ఆరేళ్ళు అడిగితే ఇద్దరు వచ్చారు. పెద్దవాళ్ళు, చుడీదార్ వేసుకుని వచ్చిన అమ్మమ్మలు, బూత్‌లో బెదిరిపోకుండా ఓటేసి వెళ్ళారు ఆ రోజు. నాకు అది చాలు.

హడ్సన్_గాలి
పాత_కాపు గారు అసలు సంగతి దాటేశారు. లైన్! కౌంటీ కమిటీ బలమంతా లైన్‌లో ఉండేది. 21 కౌంటీల్లో 19 చోట్ల, సేలం, ససెక్స్ తప్ప, పార్టీ బలపరిచిన వాళ్ళందరినీ బ్యాలెట్‌లో ఒకే వరుసలో పెట్టేవాళ్ళు, పైన పెద్ద పేరు, కింద షెరిఫ్ దాకా. మిగతావాళ్ళు ఎక్కడో మూలన, వెతుక్కోవాలి. 2024లో అమెరికా సెనేట్‌కి పోటీలో ఉన్న ఆండీ కిమ్ కోర్టుకెళ్ళాడు, మార్చి 29న ఫెడరల్ జడ్జి ఆ ఏడాది డెమొక్రాటిక్ ప్రైమరీకి దాన్ని ఆపేశాడు, అప్పీల్ కోర్టూ సరే అంది. 2025 మార్చిలో చట్టమే మారింది, ఇప్పుడు ఏ పదవికి పోటీచేసేవాళ్ళని ఆ పదవి కింద ఒక గడిలో పెట్టాలి. ఇక ఆ కమిటీలకి ఏం మిగిలింది?

గోంగూర_అత్త
మిగిలింది బాబూ. నిజానికి ఇప్పుడే మిగిలింది అంటాను. లైన్ ఉన్నప్పుడు చాలా కౌంటీల్లో చైర్ ఒక్కరే కూర్చుని ఎవరికివ్వాలో తేల్చేవాళ్ళు, సభ్యుల్ని అడగను కూడా అడిగేవాళ్ళు కాదు. అడిగిన చోట ఏమైందో చూడు. 2024 ఫిబ్రవరిలో మన్‌మత్ కౌంటీలో రహస్య ఓటు పెడితే అప్పటి గవర్నర్ భార్య పోటీలో ఉండి కూడా ఆండీ కిమ్ గెలిచాడు. చీటీ చేతికిస్తే సభ్యులు సొంతంగా ఆలోచిస్తారు. ఇప్పుడు పార్టీ మద్దతు పేరు కింద నినాదంగా కనిపిస్తుందంతే, వరుస లేదు. కాబట్టి తలుపులు కొట్టే మనుషులు ఉన్న కమిటీకే విలువ.

హడ్సన్_గాలి
మన్‌మత్ మాట ఒప్పుకుంటా. కానీ చైర్‌ని ఎదిరించిన సభ్యుడికి తర్వాతిసారి ఎదురు నిలబెడతారు, అదీ చెప్పండి కొత్తవాళ్ళకి.

గోంగూర_అత్త
నిలబెట్టారు నాకు. 2 ఓట్లతో గట్టెక్కాను. మా డిస్ట్రిక్ట్‌లో ప్రైమరీకి వచ్చిందే డెబ్భై మంది. మా మరిది కుటుంబం ఆ రోజు వర్షంలో రాకపోతే పోయేదాన్ని.

మొదటి రీఆర్గనైజేషన్ రాత్రి సంగతి చెప్పనా? ఫైర్‌హౌస్ హాలు, మడత కుర్చీలు, గుమ్మంలో బల్ల మీద రెండు జాబితాలు, ఏ నుంచి ఎల్ ఒకటి, ఎం నుంచి జెడ్ ఇంకొకటి. సంతకం పెడితేనే చీటీ ఇస్తారు. నా పేరు లేదు. రెండు జాబితాలూ తిరగేశారు, లేదు. వెనక లైను పెరిగిపోతోంది, నాకు చెమటలు. గెలిచినట్టు క్లర్క్ ఆఫీసు ఇచ్చిన కాగితం సంచిలోంచి తీసి చూపిస్తే అప్పుడు కనబడింది. నా ఇంటిపేరుని పేరుగా, పేరుని ఇంటిపేరుగా తిరగేసి, అందులోనూ పేరుని రెండు ముక్కలు చేసి, రెండో ముక్క అక్షరం కింద వేశారు. మన ఇంటిపేర్ల గొడవ ఇక్కడ కూడా. ఆ రాత్రి చైర్ ఎన్నిక తేడా ఎంతనుకున్నారు, 3 ఓట్లు. అట్టపెట్టెలో వేసిన చీటీలు ఒక్కొక్కటి తీసి పైకి చదువుతుంటే హాల్లో దగ్గు కూడా వినబడలేదు. అందుకే కృష్ణాతీరం, గెలిస్తే ఆ కాగితం దగ్గరుంచుకో.

ఓరుగల్లు_పోరడు
అత్తా, మీ పోస్టు మా ఇంట్ల చదివి వినిపించిన. అందరూ నవ్విండ్రు, మా అమ్మ మాత్రం 3 ఓట్లా అని మళ్ళీ మళ్ళీ అడిగింది.

ఫ్రిస్కో_పిన్ని
టెక్సస్‌లో కొంచెం వేరే. ఇక్కడ సభ్యుల్ని ప్రిసింక్ట్ చైర్ అంటారు, సరి సంవత్సరాల్లో మార్చి ప్రైమరీలో 2 ఏళ్ళకి ఎన్నుకుంటారు. వాళ్ళంతా, పైన కౌంటీ చైర్, కలిస్తే కౌంటీ ఎగ్జిక్యూటివ్ కమిటీ. ఇక్కడ ప్రైమరీ నిర్వహించే బాధ్యతే పార్టీది. కౌంటీ పదవులకి అభ్యర్థులు కౌంటీ చైర్ దగ్గరే కాగితాలు వేస్తారు, బ్యాలెట్‌లో ఎవరి పేరు ముందో చీటీ తీసేదీ వాళ్ళే. చాలా సీట్లు ఖాళీ, నేను ఏ పోటీ లేకుండా అయ్యాను.

పాత_కాపు గారి ఖాళీల మాటకి ఇంకొకటి కలుపుతా. 2024 జూలైలో హ్యూస్టన్ కాంగ్రెస్ సభ్యురాలు షీలా జాక్సన్ లీ గారు కాలం చేశారు. అప్పటికే ప్రైమరీ గెలిచి నవంబర్ బ్యాలెట్‌లో ఉన్నారావిడ. ఆవిడ స్థానంలో ఎవరు అని తేల్చింది ఆ నియోజకవర్గంలోని డెమొక్రాటిక్ ప్రిసింక్ట్ చైర్లు. మాజీ మేయర్ సిల్వెస్టర్ టర్నర్‌కి 41, అమాండా ఎడ్వర్డ్స్‌కి 37. అంతే ఓట్లు. అమెరికా పార్లమెంటు సీటు, ఏడు లక్షల పైచిలుకు జనం, ఓటేసింది 78 మంది. ఆ 78 మందిలో ఎంతమంది పోటీ లేకుండా, ఎవరూ ముందుకు రాకపోతే వచ్చి కూర్చున్నవాళ్ళో ఆలోచించండి.

మామిడితాండ్ర
78? నిజంగా?

ఫ్రిస్కో_పిన్ని
నిజంగానే నాయనా. టీవీలో లైవ్ చూశాను.

లౌడన్_శాస్త్రి
వర్జీనియాలో ఇదంతా లేదు. ఓటరు నమోదులో పార్టీ గడే ఉండదు, కమిటీ సభ్యుల కోసం ప్రభుత్వం ఎన్నిక పెట్టదు. పార్టీ తన నియమాల ప్రకారం సభ్యుల్ని చేర్చుకుంటుంది, కొన్నిసార్లు అభ్యర్థిని కూడా ఒక స్కూలు హాల్లో ఒక్క శనివారం ఓటు పెట్టి తేలుస్తారు. మంచీ ఉంది, చెడూ ఉంది. చేరడం తేలిక, కానీ పని చేసేవాళ్ళకి రాత్రిళ్ళు ఉండవు. కాబట్టి ఏ రాష్ట్రం నియమాలు ఆ రాష్ట్రానివే చూసుకోండి.

హడ్సన్_గాలి
డబ్బు గురించి ఎవరూ మాట్లాడలేదు. జెర్సీలో కౌంటీ కమిటీ ఖాతా అంటే పెద్ద ఖాతా. 2023 చట్టంతో చందా పరిమితులు రెట్టింపు దాకా పెంచారు. ఎవరిచ్చారో చూడాలంటే మూడు నెలలకోసారి రాష్ట్ర ఎన్నికల చట్టాల కమిషన్‌కి ఇచ్చే రిపోర్టులున్నాయి, ఆన్‌లైన్‌లో ఎవరైనా చదవొచ్చు. కృష్ణాతీరం, నిలబడేముందు మీ కౌంటీవి నాలుగు రిపోర్టులు చదువు. మీ ఊళ్ళో రోడ్లు వేసే కంపెనీ, మీ ఊరి ఇంజనీర్, లాయర్ల పేర్లు కనిపిస్తాయేమో చూసుకో. నేను చదివిన రోజు నిద్రపట్టలేదు.

పాత_కాపు
ఇది హడ్సన్_గాలి సరిగ్గా చెప్పాడు, నేను చెప్పాల్సింది. మామిడితాండ్ర గారి "ముందే తేలిపోయి ఉంటాయి" అన్న మాటకి వేరు ఇక్కడే ఉంది. చందా ఇచ్చేవాడి మాట చైర్ వింటాడు, చైర్ మాట సీటు పోతుందేమోనని భయపడే సభ్యుడు వింటాడు. నాకూ భయపడిన రోజులున్నాయి, ఒకసారి మనసొప్పని పేరుకి చెయ్యెత్తాను, 2011లో. ఇప్పటికీ గుర్తొస్తుంది. ఖాళీ సీట్లు ఎన్ని ఎక్కువుంటే ఆ పట్టు అంత గట్టిగా ఉంటుంది, ఎందుకంటే మధ్యలో వాటిని నింపేది వాళ్ళే, తమవాళ్ళతోనే.

మామిడితాండ్ర
అలా చెబితే అర్థమైంది. నేను డిస్ట్రిక్ట్ నంబర్ కూడా తెలియకుండా ఇన్నేళ్ళు ఓటేశాను. ఎక్కడ చూడాలి?

గోంగూర_అత్త
శాంపిల్ బ్యాలెట్ పోస్టులో వస్తుందిగా, దాని మీద వార్డు, డిస్ట్రిక్ట్ రెండూ ఉంటాయి. రీసైకిల్ డబ్బాలో పడెయ్యకముందు చూడు. ఏ పార్టీలోనూ చేరకపోయి ఉంటే ప్రైమరీ రోజు పోలింగ్ దగ్గరే చెప్పొచ్చు. ఒక పార్టీ నుంచి ఇంకొక పార్టీకి మారాలంటే మాత్రం ప్రైమరీకి 55 రోజుల ముందే ఫారం ఇవ్వాలి.

కృష్ణాతీరం_07
ఆలస్యంగా వచ్చాను, అన్నీ రెండుసార్లు చదివాను. నిన్న లంచ్ టైంలో మునిసిపల్ క్లర్క్ ఆఫీసుకి వెళ్ళాను. కిటికీ దగ్గర ఆవిడ పిటిషన్ ఇచ్చి, ఒక మాట అంది. మా డిస్ట్రిక్ట్‌లో ఒక్కటి కాదు, రెండు సీట్లూ ఖాళీయే. పెద్దావిడతో చెబితే ఆవిడ కాసేపు మాట్లాడలేదు. ఆవిడ భర్త ఇరవై రెండేళ్ళు ఆ సీట్లో ఉన్నారట, పోయాక ఎవరూ అడగలేదట, ఆవిడ కూడా అడగలేదు. ఇప్పుడు రెండో సీటుకి ఆవిడే నిలబడుతోంది. ఆదివారం ఇద్దరం కలిసి సంతకాలకి బయల్దేరుతున్నాం. ఆవిడకి వీధిలో అందరూ తెలుసు, నాకు కొత్తగా వచ్చిన మనవాళ్ళు తెలుసు.

హడ్సన్_గాలి, రిపోర్టులు కూడా దించుకున్నాను, ఒకటి చదివాను.

ఓరుగల్లు_పోరడు
గెలిచినంక ఫొటో పెట్టు అన్నా, బ్యాలెట్ మీద పేరుది.

గోంగూర_అత్త
కావలసినదానికి రెట్టింపు సంతకాలు తీసుకో. కొన్ని తప్పకుండా కొట్టేస్తారు. ప్రతి ఒక్కరూ ఓటరు జాబితాలో పేరు, చిరునామా ఎలా ఉందో అలాగే రాయాలి, మనవాళ్ళకైతే ఇంటిపేరు ముందా వెనకా అని నువ్వే పక్కన నిలబడి చూసుకో. నీ పేరు కూడా.